జుమ్మేరాత్ చిల్లర

“తిననంటే తినను. ఆ కంచం తీసెయ్.”

గుండయ్య కంచాన్ని ముందుకు తోశాడు. జొన్నరొట్టె అంచు మీది నుంచి జారి నేల మీద పడింది. అన్నాన్ని కళ్ళకద్దుకోనిదే ముద్ద ఎత్తని మనిషి, పడిన రొట్టె వైపు చూడనైనా చూడలేదు.

“నిన్నటి సంది పచ్చి మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలే. ఎవరి మీద ఈ అలక?” అంది వాసవాంబ.

“ఎవరి మీద లేదు.”

“మరి నా వంట మీదనా?”

వంటింటి గుమ్మంలో మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డ స్రవ్యకు ఆ అలక ఎవరి మీదో తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. గుంటూరు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి మామగారు ఆమెను “బిడ్డా” అనే పిలిచాడు. శివయ్య పనికి రాని నిన్నటి నుంచి ఏ పిలుపూ లేదు.

“మామయ్యగారూ, నేను శివయ్యగారిని పని మానెయ్యమనలేదు. అందరిలాగే యూనిఫాం వేసుకుని రమ్మన్నాను. అంతే.”

“అందరి ముందల అన్నవ్.”

“అందరూ అడుగుతుంటే అందరి ముందే అనాలి కదండీ. సాయికృష్ణ షాపుకి ఏదో బొమ్మలున్న టీషర్టు తగిలించుకొచ్చి, ముందు శివయ్య కాకకు చెప్పండి మేడం, తర్వాత మాకు చెబుదురు అన్నాడు. మరుసటి రోజు ఇంకొకడు చెప్పులీడ్చుకుంటూ వచ్చాడు. ఆడపిల్లలు కోట్లు విప్పి బల్ల కింద పడేస్తున్నారు. ఒక్కరికి మాఫీ చేస్తే మిగతావాళ్ళకు నేనేం చెప్పను?”

“ఆయన సంగతి ఒదిలెయ్ బిడ్డా అని నేను చెప్పిన్నా లేదా?”

“ఎందుకని అడిగాను. మీరు చెప్పలేదు.”

“నా మాట సాలదా?”

వారం కింద కూడా ఇదే మాట, ఇదే గొంతు. అది ముసలితనపు మొండిపట్టు అనుకుంది స్రవ్య. శాలిబండ రోడ్డు మీద తాతల నాటి బట్టల దుకాణం. మొన్న మొన్నటి దాకా నేల మీద తెల్ల దుప్పటి పరిచిన గద్దె, గోడకు బాలీసు దిండ్లు, గడప బయట కస్టమర్ల చెప్పులు. గద్దె మీద సేటు గుండయ్య, మూలన ఆయన కుడిచెయ్యి శివయ్య. ఇద్దరూ ధోవతుల్లోనే. ఇప్పుడా గద్దె పోయింది. కౌంటర్లొచ్చాయి, ఏసీ వచ్చింది, రోడ్డు వైపు నిలువెత్తు అద్దాల తలుపులొచ్చాయి. దుకాణం షోరూం అయ్యింది, శివయ్య ధోవతి మాత్రం ధోవతిగానే ఉండిపోయింది. కౌంటరు వెనక స్టూలు మీద, కాలి వేళ్ళ దాకా దింపుకున్న కుచ్చిళ్ళతో.

నిజానికి ఈ నీలి ప్యాంటు, గళ్ళ చొక్కా ఎంపిక చేసింది ఆమె భర్త అనురాగ్. కుట్టించిందీ అనురాగే. జనానికి చెప్పే పని మాత్రం పెళ్ళానికి ఒప్పగించాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా బతికే విద్య అతనికి పుట్టుకతోనే వచ్చింది. ఇప్పుడు కూడా కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి ఒక్క పేజీ తిప్పలేదు.

“మీరైనా చెప్పండి,” అంది స్రవ్య.

“నేనేం చెప్పాలె? స్టాఫ్ సంగతి నీ చేతుల పెట్టిన గదా.”

ఆ జవాబుకు స్రవ్య నాలుగు మాటలు అనేసేదే. అప్పుడే వాకిట్లోంచి “సేటమ్మా” అని పిలుపు వినబడింది.

శివయ్య భార్య సత్తెమ్మ. గడప మీద చతికిలబడి, ఒళ్ళో బట్టల పొట్లం పెట్టుకుంది.

“గడప మీద కూసుంటవేంది సత్తెమ్మా, లోపటికి రా,” అంది వాసవాంబ.

“వద్దమ్మా, పోవాలె. ఇంటికాడ ఆయనొక్కడే ఉన్నడు. ఇగో, మీ బట్టలు. వాపస్ ఇచ్చి రమ్మన్నడు.”

స్రవ్య మజ్జిగ గ్లాసు గూట్లో పెట్టి ముందుకు వచ్చింది. “సైజు సరిపోలేదా సత్తెమ్మగారూ? ఒక్క మాట చెబితే మన టైలర్ చేత మార్పించేదాన్ని కదా.”

సత్తెమ్మ అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే స్రవ్యకు నయంగా ఉండేది.

“మార్పిచ్చేటిది ఏం లేదమ్మా. ఆయనే మార్చుకున్నడు.”

పొట్లం విప్పి ప్యాంటు గడప మీద పరిచింది. కుడి కాలు మామూలుగానే ఉంది. ఎడమ కాలు మోకాలి పై నుంచి కింది దాకా కుట్లు విప్పేసి ఉంది. ఆ చీలికలో వెడల్పాటి తెల్ల ధోవతి ముక్క పెట్టి, వంకర టింకరగా, చేత్తో కుట్టి ఉంది. ఒక కాలికి కుట్టిన గొట్టంలో ఇప్పుడు రెండు కాళ్ళు పడతాయి.

“ఇదేంటి?” అంది స్రవ్య. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

సత్తెమ్మ గుండయ్య వైపు చూసింది. “చెప్పలేదా సేటు?”

“గద్దె మీద కూసొని మాటిచ్చిన. నా పెండ్లానికే చెప్పలే.”

“నేనైతె ఎవరికి మాటియ్యలే.” సత్తెమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “బోదకాలు తల్లీ. మా పెండ్లి కాకముందు సంది ఉన్నది. ఏండ్లు గడిసినకొద్ది లావైంది. జరమొచ్చినప్పుడు తోలు పగిలి రసి కారుతది. పొద్దుగాల్ల అందరికంటె ముందల దుకాణంకొస్తడు, నడిసేది ఎవరు చూడొద్దని. అందరు పోయినంకనే లేస్తడు. మోకాలి నొప్పని చెప్పుకుంటడు. గా ధోవతే ఆయన ఇజ్జతి.”

వాసవాంబ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుండయ్య కళ్ళు మూసుకున్నాడు.

“పనిల చేరే రోజు నా కాళ్ళు పట్టుకున్నడు,” అన్నాడు మెల్లగా. “మనది పెండ్లి బట్టలమ్మే దుకాణం సేటు, నా కాలు చూస్తే నేను పరిచిన చీర ఎవరన్న ముడతరా అన్నడు. ఎవ్వరికి చెప్పనని మాటిచ్చిన. మూలకు కూసొబెట్టిన. ఆనాటి సంది అదే మూల.”

తప్పు జరిగింది. పెద్ద తప్పే. కానీ దిద్దుకోవచ్చు, వెళ్ళి కాళ్ళ మీద పడైనా తీసుకురావచ్చు అనుకుంది స్రవ్య. ఆ ఆశ కూడా ఎంతోసేపు నిలవలేదు.

“మరి ఇది కుట్టుకొని రానన్న రాకపోయె,” అంది వాసవాంబ కళ్ళొత్తుకుంటూ. “మేము అర్థం చేసుకొని సర్ది చెప్పేటోళ్ళం గద.”

“ఎందుకు రాలేదమ్మా? నిన్న ఏసుకొని వచ్చిండు గద,” అంది సత్తెమ్మ.

“నిన్నా?” అంది స్రవ్య. “నిన్నంతా నేను షాపులోనే ఉన్నాను. ఆయన రాలేదు.”

“వచ్చిండు. అద్దాల తలుపు దాంక వచ్చిండు.” సత్తెమ్మ కొంగు ముడి విప్పింది. రెండు రూపాయల బిళ్ళ ఒకటి తీసి, పరిచిన ప్యాంటు మీద పెట్టింది. “మీ కొత్త వాచ్‌మన్ ఇది చేతుల పెట్టి, జరుగు తాతా అన్నడట. నిన్న జుమ్మేరాత్ గదా.”

పాతబస్తీలో గురువారం వస్తే ఫకీర్లు, బిచ్చగాళ్ళు దుకాణం దుకాణం తిరుగుతారు. ప్రతి గల్లాపెట్టె పక్కనా ఒక గిన్నెలో చిల్లర సిద్ధంగా ఉంటుంది. గద్దె ఉన్న రోజుల్లో గుండయ్య తన చేత్తోనే ఇచ్చేవాడు, “లేవో బాబా, తీస్కో” అని మనిషి మొహం చూసి మరీ. షోరూం అయ్యాక ఆ గిన్నె తలుపు దగ్గర వాచ్‌మన్ స్టూలు కిందికి చేరింది.

“ప్రకాశం గాడా?” గుండయ్య దిగ్గున లేచాడు. “మనిషికి మనిషికి ఫరక్ తెల్వదా వానికి?”

“వాన్నేమనకు సేటు. నెల కాలే చేరి. వానికేం ఎరుక?”

“లేదు, వీళ్ళను గిట్లనే వదిలేస్తే నెత్తికెక్కుతరు,” అన్నాడు అనురాగ్. పేపరు ఇప్పుడు దిగింది. “ఇయ్యాలే తీసేస్త వాన్ని.”

స్రవ్యకు నిన్న మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. బార్కస్ నుంచి పెళ్ళివాళ్ళు ఆటోల్లో దిగుతున్నారు. అద్దం అవతల ఎండ. ఎవరో తల మీద తుండుగుడ్డ కప్పుకుని, తలుపుకు అడ్డంగా, కదలకుండా నిలబడ్డాడు. కాలికి తెల్లటి కట్టేదో ఉన్నట్టుంది. కౌంటరు దగ్గర్నుంచే తను గొంతెత్తి అంది. “ప్రకాశం, ఆయనకేదైనా ఇచ్చి పంపించెయ్. కస్టమర్లకు దారి లేదు.”

మొహం చూడలేదు. జుమ్మేరాత్ నాడు మొహాలెవరు చూస్తారు?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్రకాశం వేరే కొలువు వెతుక్కుంటాడు. రేపో ఎల్లుండో ఈ ఇంట్లో మళ్ళీ “బిడ్డా” అన్న పిలుపు వినిపిస్తుంది. అంత సులువు.

“ప్రకాశాన్ని ఏమీ అనకండి,” అంది. “ఇచ్చి పంపించమన్నది నేనే.”

గుండయ్య వంగి, నేల మీది రొట్టె తీసి, కళ్ళకద్దుకుని కంచంలో పెట్టాడు. ఆ పని చేయడానికి చాలాసేపు పట్టింది.

“నేను వెళ్ళి ఆయన్ని తీసుకొస్తాను మామయ్యగారూ.”

“మీరెందుకు మేడం?” అన్నాడు గుండయ్య, ఆమె వైపు చూడకుండానే. “దుకాణం తెరిసే యాళ్ళైంది.”

మేడం. దుకాణంలో పనివాళ్ళు పిలిచే పిలుపు. కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

స్రవ్య చెప్పులు తొడుక్కుంది. గేటు దాకా అనురాగ్ వెంట వచ్చాడు. “నువ్వు ఆయన్ని పట్టుకొని రా. షాపుల సంగతి నేను సర్ది పెడత, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. పెళ్ళయ్యాక మొగుడు ఒక బరువు తన భుజం మీదికి ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఏం సర్దుతావని కూడా అడగలేదు స్రవ్య. అంత ఆదుర్దాలోనూ అతని మీద కొంచెం ప్రేమ పుట్టింది.

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటాక, ఆటోలో పక్కన కూర్చున్న సత్తెమ్మ గల్లీ చూపించింది. “ఇటు” అని మాత్రం ఆటోవాలాకు చెప్పింది.

ఒంటి గది ఇల్లు. మంచం మీద కూర్చున్న శివయ్య, స్రవ్యను చూడగానే దుప్పటి కాళ్ళ మీదికి లాక్కున్నాడు. లేవబోయి లేవలేకపోయాడు.

“మేడం! మీరెందుకొచ్చిన్రు? సత్తీ, కుర్చీ అడిగి తే పక్కింట్ల.”

“కుర్చీ వద్దండీ.” స్రవ్య గచ్చు నేల మీద కూర్చుంది. శివయ్య మంచం మీద, ఆమె కింద.

“లేవండ్రి మేడం, తప్పు. తప్పు నాదే. తలుపుకు అడ్డం నిలబడ్డ.”

“శివయ్యగారూ…”

“నిజంగ చెప్తున్న మేడం. అద్దంల ఎవడో బిచ్చగాడు కనవడ్డడు. కస్టమర్లొచ్చే యాళ్ళకు వీడెక్కడ మోపైండని పక్కకు జరిగిన. వాడు గూడ జరిగిండు.” శివయ్య నవ్వాలని చూశాడు. “ఇంట్ల మాకు మొకం చూసుకునే అద్దమే ఉన్నది. నిలువుటద్దంల నన్ను నేను ఎన్నడు చూసుకోలే. నేనే అని సమజయ్యేవరకు ఆ పోరడు చేతుల బిళ్ళ పెట్టిండు.”

స్రవ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా చెప్పక తప్పదు. “పెట్టమన్నది నేనండీ. లోపలి నుంచి నేను కూడా… అలాగే అనుకున్నాను.”

శివయ్య దుప్పటి అంచు వేళ్ళతో సరిచేశాడు. బయట గల్లీలో ఎవరిదో స్కూటర్ స్టార్టు కాక మొరాయిస్తోంది.

“అటు దిక్కు నుంచి గూడ గట్లనే కనవడ్డనన్నట్టు,” అన్నాడు చివరికి.

“రండి శివయ్యగారూ. ధోవతిలోనే రండి. మీ స్టూలు మీదే కూర్చోండి. మీరు రాకపోతే మామయ్యగారు ముద్ద ముట్టరు.”

“సేటు తింటలేడా?” మనిషి కదిలిపోయాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. “వస్తె అడుగుతరు మేడం. అందరికి ప్యాంటు, ఈ ముసలోనికి ధోవతి ఎందుకని సాయిగాడు అడగక మానడు. ఏమని చెప్తరు?”

“ఏమీ చెప్పను. నా ఇష్టం అంటాను. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు.”

“సేటు ఇన్నేండ్లు మోసిండు. మీరు మోస్తరా?”

“మోస్తాను.”

శివయ్య మంచం మీద పరిచిన పరుపును తట్టాడు. తెల్ల గలీబు, అంచులు నలిగిపోయి పసుపు రంగుకు తిరిగాయి. “గద్దె పీకేసిననాడు ఈ తుకడ అడిగి తెచ్చుకున్న. సేటు నాకు మాటిచ్చింది దీని మీదనే కూసొని.”

స్రవ్య లేచి, ఆ పరుపు అంచున కూర్చుంది. దూది అణిగిపోయి కింద నులక గుచ్చుకుంది.

“ఎవ్వరికీ తెలియనివ్వను,” అంది. “మాట.”

శివయ్య కళ్ళు తుడుచుకున్నాడు. గంజి పెట్టిన ధోవతి తియ్యమని సత్తెమ్మకు చెప్పాడు. స్రవ్య బయట నిలబడింది. కాసేపటికి తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, కుచ్చిళ్ళు నేలను తాకేలా దింపుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు. పెళ్ళికి బయలుదేరినట్టున్నాడు.

ఆటోలో మనిషి మాటల్లో పడ్డాడు. “సాయిగానికి నేను చెప్త. ప్యాంటు ఏసుకొమ్మంట. వాడు నోటి దురుసోడే గని దిల్ మంచిది. పొద్దుగాల తినకుండ వస్తడు, నా టిఫిన్ డబ్బల సగం వానికే. నేను ఎట్లున్నా సరే బిడ్డా, పోరగాండ్లు సాఫ్‌గ ఉండాలె. దుకాణం ఇజ్జతి గద.”

బిడ్డా అన్నాడు. అన్న సంగతి ఆయనకే తెలియదు. స్రవ్య రోడ్డు వైపు మొహం తిప్పుకుంది. పోయిన పిలుపు ఇలా వేరే నోటి నుంచి తిరిగి వస్తుందని ఆమె అనుకోలేదు. ఇంటికెళ్ళి మామగారితో చెప్పాలి. తెచ్చాను, మాట కూడా ఇచ్చాను, ఇక తినండి అని చెప్పాలి.

దుకాణం ముందు ఆటో ఆగింది. ప్రకాశం పరుగెత్తుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. స్రవ్య అతన్ని వారించి, అద్దాల తలుపు తన చేత్తోనే తెరిచి పట్టుకుంది. శివయ్య అద్దం వైపు చూడకుండా, తల వంచుకుని లోపలికి అడుగు పెట్టాడు.

అగరొత్తుల వాసన ఇంకా పోలేదు. లక్ష్మీదేవి పటం ముందు పనివాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ఎదురుగా అనురాగ్. ఇంతమందినీ యూనిఫాంలో ఒక్కసారిగా చూడడం స్రవ్యకు ఇదే మొదలు. సాయికృష్ణ కూడా చొక్కా లోపలికి దోపుకున్నాడు.

“రా కాకా, రా!” అనురాగ్ మొహం వెలిగిపోతోంది. మంచి పని చేసిన పిల్లవాడి మొహం. “ఇగ నీకేం పరేషాన్ లేదు. అందరికి ఖుల్లంఖుల్లా చెప్పేసిన. కాకకు కాలు రోగం, మెడికల్ కేసు, ఆయనకు ప్యాంటు మాఫీ అని. ఒక్కడు గూడ మాట్లాడలే. చూడు, అందరు ఎట్ల వచ్చిన్రో యూనిఫాంల.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సాయికృష్ణ గబగబా స్టూలు తెచ్చి, దుమ్ము తుడిచి, “కూసో కాకా, నిలవడకు” అన్నాడు ఎన్నడూ లేనంత మెత్తగా. పెళ్ళిచీరలు సర్దే అమ్మాయి శివయ్య రోజూ మడతలు విప్పే కట్టను మెల్లగా తన వైపుకు జరుపుకుంది. అందరి కళ్ళూ ఒక్క చోటే ఉన్నాయి, ధోవతి కుచ్చిళ్ళ అంచు దగ్గర.

శివయ్య వంగి కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నాడు. అవి అప్పటికే నేలకు ఆనుకుని ఉన్నాయి. ఇంకా లాగుతూనే ఉన్నాడు.

“నేను చెప్పలేదు శివయ్యగారూ,” అంది స్రవ్య. “నాకు తెలియదు.”

ఆయన తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు లేవు. నిన్న అద్దంలో బిచ్చగాణ్ణి చూసినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటాడు, ఎవరో పోల్చుకోలేనట్టు.

“ఒక్కటి చెప్పండ్రి మేడం,” అన్నాడు. “మా ఇంట్ల ఆ గద్దె తుకడ మీద కూసొని మీరు నాకు మాటిచ్చేటప్పటికే వీళ్ళందరికి తెలుసా?”